నోరా అంత్యక్రియల్లో నేను లేను

నవంబరు, గురువారం రాత్రి

ఈ ఐర్లండ్ పల్లెలో ముప్పై ఏళ్లు వేసవి ఉదయాల్లో నాతో కలిసి సముద్రంలో ఈదిన నోరాను సోమవారం సమాధి చేశారట. నాకు ఈ రోజు తెలిసింది.

రొట్టె కొనడానికి వెళ్తే, పక్క పట్టణం ఎన్నిస్‌లో ఆఫీసుకు బయలుదేరిన సుజాత, మా ఊళ్లోనే ఉండే తెలుగమ్మాయి, దుకాణం దగ్గర ఆగింది. "చర్చిలో మీరు కనపడలేదేంటి ఆంటీ? ఒంట్లో బాలేదా?"

ఎవరికి ఏమైందని అడిగాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "అయ్యో, నోరా పోయారు కదా ఆంటీ... గ్రూప్‌లో పెట్టారు. మీకు వాట్సాప్ లేదు కదూ!"

మరణవార్తలు పోస్టాఫీసు గోడకు అంటించిన రోజుల్లో నేను ఒక్కరి అంత్యక్రియలకూ వెళ్లకుండా ఉండలేదు. ఆ పోస్టాఫీసు మూతపడ్డాక ఊరి కబుర్లన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాయి. స్మార్ట్‌ఫోన్ నాకు అక్కర్లేదని పదిమందిలో తెగేసి చెప్పింది నేనే. డబ్లిన్‌లో ఉండే నోరా పిల్లలకు నేను గుర్తు రాకపోవడంలో వింత లేదు.

"చర్చివాళ్లు లైవ్ ఇచ్చారు ఆంటీ, వీడియో ఇంకా ఉంది. చూస్తారా?"

వద్దనబోయి చెయ్యి చాచాను.

కెమెరా వెనకవైపు ఉంది. ఊరంతా వరుసగా నడిచి, పరామర్శగా నోరా కొడుకు చెయ్యి ఒక్కసారి పట్టుకుని, ముందుకు సాగుతోంది. వీపులను బట్టే అందరినీ గుర్తుపట్టాను.

"ఫోన్ నేను కొనిపెడతా ఆంటీ, పది నిమిషాల్లో నేర్పేస్తా."

"అవసరం లేదమ్మా," అన్నాను. గొంతు మామూలుగానే పలికింది. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు.

నేను నిలబడవలసిన చోటు ఎక్కడో చూద్దామని ఆ వీడియోను రెండోసారి పెట్టించుకున్నాను. వరుసలో ఎక్కడా ఖాళీ లేదు.