మూడయ్యేదాకా ఎగరని జెట్

ఓబర్‌వాల్డింగ్, సెప్టెంబరు 5

నమూనా విమానాల సంఘం అధ్యక్షులు శ్రీ క్సావర్ రీడెల్ గారికి,

నిన్న ఆదివారం మన మైదానంలో ఒక అన్యాయం జరిగింది. చేసింది మీరు.

మూడేళ్లు కూర్చుని నా చేతులతో కట్టుకున్న జెట్ మొదటిసారి ఎగరబోతోంది. ఇంజను కూత అందుకుంది. రిమోట్ మీద నా బొటనవేళ్లు సిద్ధంగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడు మీరు రన్‌వే మధ్యలోకి నడిచొచ్చి, చెయ్యెత్తి గడియారం చూపించారు. పన్నెండు యాభై ఎనిమిది. ఒంటిగంట నుంచి మూడింటి దాకా ప్రశాంత వేళ కాబట్టి ఆపెయ్యమన్నారు. మూడయ్యాక ఎగరేద్దామంటే, పసుపు కోటు తొడుక్కుని కాపలా నిలబడే మనిషి లేడన్నారు. కాపలా మనిషి లేనిదే జెట్ లేవకూడదన్న నిబంధన కూడా మీ సంతకంతోనే ఉంది.

ఆకాశానికి గడియారం కట్టే హక్కు మీకెవరిచ్చారు? ఇలాంటి పెత్తనానికి నేను చదివిన కరపత్రాల్లో ఒక పేరుంది. పెద్దవారని ఇక్కడ రాయడం లేదు.

మైదానంలో చిన్నా పెద్దా అందరం 'నువ్వు' అనుకోవడం మన ఆనవాయితీ. మీ విషయంలో దాన్ని నేటితో రద్దు చేస్తున్నాను. ఇకపై మీరు, గారు, అంతే.

పోరాట వందనాలతో,
కోర్బీనియన్ స్టాడ్లర్

తా.క.: సంఘం గదిలో బీరువా మీదున్న పొడుగాటి పెట్టెను మీరు ఎవరినీ ముట్టుకోనివ్వరు. అందులో ఏం దాచారో సభ్యులకు తెలియాలి.

తా.క. 2: మీ ఆవిడ చేసిన ప్లమ్ కేకు రెండు ముక్కలు తిన్నాను. దాన్ని రాజీ కింద లెక్కెయ్యకండి.


సెప్టెంబరు 6

కోర్బీకి,

నీ 'మీరు' అందింది. నడుం నొప్పితో పాటు దాన్నీ మోస్తున్నాను.

ప్రశాంత వేళ నేను పుట్టించింది కాదు. మన రన్‌వే ఉన్న పొలం, దాని పక్కనే ఇల్లున్న క్రెసెంజ్ అవ్వది. ఆదివారం ఆ రెండు గంటలు చప్పుడు చెయ్యకండి, మిగతాదంతా మీ ఇష్టం అని ముప్పై ఏళ్ల కిందట ఇచ్చింది. ఇక పసుపు కోటు సంగతి. నిన్నూ మొన్నా కాదు, ఎప్పటినుంచో దాన్ని నేనే వేసుకుంటున్నాను. వేసుకున్నవాడు ఆ రోజు రిమోట్ ముట్టకూడదు. వచ్చేవాళ్లంతా ఎగరెయ్యడానికే వస్తారు. ఆదివారం పొద్దున తొమ్మిదికి నిలబడ్డవాణ్ని, ఒంటిగంటకి నడుం పట్టేసింది.

నీ బాధ శుక్రవారం సాయంత్రం ఏడింటికి వార్షిక సభలో చెప్పు. తప్పకుండా రా. ఈసారి రాకపోవడం నీకు మంచిది కాదు.

అలసిన
క్సావర్

తా.క.: పెట్టె జోలికి పోకు.

తా.క. 2: కేకు ఎండిపోయిందా అని మా ఆవిడ అడగమంది.


సెప్టెంబరు 8

శ్రీ రీడెల్ గారికి,

మీ బెదిరింపు అందింది. 'నీకు మంచిది కాదు' అన్న వాక్యం కింద ఎర్ర గీత గీసి దాచుకున్నాను. బెదిరించి రప్పించుకునే సభకు నేను రాను. బహిష్కరిస్తున్నాను.

అసలు దోషి ఎవరో మీరే చెప్పారు కాబట్టి నిన్న నేనే ఒక కరపత్రం రాసి క్రెసెంజ్ గారి గేటుకు అంటించాను. పేరు 'నిద్రపోతున్న భూస్వామ్యం'. చివరి వాక్యం పెద్ద అక్షరాల్లో పెట్టాను: 'కష్టజీవి విశ్రాంతిని దోచుకునే హక్కు ఎవరికీ లేదు.' ఈ వాదనకు ఆవిడ ఏం జవాబిస్తారో చూస్తాను.

తలవంచని
కోర్బీనియన్ స్టాడ్లర్

తా.క.: కేకు ఎండిపోలేదు. శత్రువు విషయంలోనూ నిజం చెప్పడం నా సిద్ధాంతం.


సెప్టెంబరు 10

కోర్బీకి,

రెండు కబుర్లు.

నీ కరపత్రం క్రెసెంజ్ అవ్వ చదివింది. వెనక నాలుగు ముక్కలు రాసి నీకిమ్మంది. జతచేశాను. 'నాకు పద్నాలుగు ఆవులు. రోజూ నాలుగింటికి లేస్తాను. వారం మొత్తానికి పగటి నిద్ర ఆ రెండు గంటలే. నీ చివరి వాక్యం నాకు నచ్చింది బాబూ, దాని మీదే నిలబడు.'

రెండోది సభ. నేనిక చెయ్యలేను, ఇంకెవరైనా అధ్యక్షుడుగా ఉండండి అన్నాను. అందరూ బూట్ల వంక చూసుకున్నారు. పళ్ల డాక్టరు ఫెర్డినాండ్ తలెత్తి, "ఇవాళ రానిదెవరు?" అన్నాడు.

"కోర్బీ."

"గొంతుంది, ఓపికుంది. ఇంకేం కావాలి?"

అతని బీరు గ్లాసులో నురగ దిగేలోపే చేతులన్నీ లేచాయి. ఒక్కడూ వ్యతిరేకించలేదు. వ్యతిరేకించే ఆ ఒక్కడే రాలేదు మరి.

రాకపోవడం మంచిది కాదని రాసింది ఇందుకే, బెదిరించడానికి కాదు. పందొమ్మిదేళ్ల కిందట నేనూ జ్వరమొచ్చి ఒక సభకు వెళ్లలేదు.

తాళాల గుత్తి, పసుపు కోటు పంపుతున్నాను. రాజీనామా చెయ్యాలంటే వచ్చే ఏడాది సభ దాకా ఆగాలి.

తేలికపడ్డ
క్సావర్

తా.క.: కోటు ఎడమ జేబులో నడుం నొప్పి మందు ఉంది. ఉంచుకో.


సెప్టెంబరు 12

క్సావర్,

'మీరు' రద్దు చేస్తున్నాను. నువ్వు మళ్లీ నువ్వే.

నిన్న తొమ్మిదింటికి కోటు వేసుకున్నాను. ఇంకొకరు తీసుకుంటారేమోనని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను. ఒకడికి మోకాలు, ఒకడికి అత్తగారు. నా జెట్ కారు డిక్కీలోంచి దిగలేదు. పన్నెండు యాభై ఏడుకు ఫెర్డినాండ్ తన జెట్ ఇంజను వెలిగించాడు. రన్‌వే మధ్యలో ఎవరో గడియారం ఎత్తి నిలబడ్డారు. చూస్తే నేనే.

"ఆ ముసలాడే నయం. ఒరేయ్, ఒక్క నిమిషం ఎక్కువ ఓర్చుకునేవాడు," అన్నాడు ఫెర్డినాండ్.

"అవ్వకి పద్నాలుగు ఆవులు," అన్నాను.

తర్వాత అందరూ వెళ్లిపోయారు. గదిలో ఒక్కణ్నే ఉన్నాను. అధ్యక్షుణ్ని కదా అని పెట్టె దించి తెరిచాను. తిట్టుకో. లోపల వెండిరంగు జెట్. చక్రాలకు ఒక్క గడ్డిపోచ మరక లేదు. రెక్క కింద నీ చేతిరాత: 'మొదటి ఎగురుడు, వచ్చే ఆదివారం.' తేదీ చూశాను. నువ్వు సభకు వెళ్లని ఏడాది అది.

పందొమ్మిదేళ్ల ఆదివారాలు మేమందరం నీ ముందే ఎగరేసుకుని, నువ్వే అడ్డమని తిట్టుకున్నాం. ఒక్క వారానికే నా నడుం విరిగింది. నీ మందు సగం అయిపోయింది.

వచ్చే ఆదివారం కోటు నేనే వేసుకుంటాను. ముందు నీది. నాది ఆపై వారం, కోటు నీకు తొడిగి.

నీ
కోర్బీ

తా.క.: ఈ కింది నోటీసు ఇవాళే అందరి ఇళ్లకూ పంపాను.

'సభ్యులారా, పందొమ్మిదేళ్లుగా ఒక అన్యాయం జరుగుతోంది. చేసింది మనం. క్సావర్ రీడెల్ జెట్ మొదటిసారి ఎగురుతుంది. అందరూ రండి. రానివాళ్ల పేర్లు రాసుకుంటాను, వచ్చే ఏడాది ఎన్నికలకు పనికొస్తాయి. ముందుగా వచ్చినవాళ్లు బూట్లు కూడా చప్పుడు కాకుండా నిలబడాలి, అవ్వ పడుకుని ఉంటుంది. ఆదివారం, పద్దెనిమిదో తేదీ, సరిగ్గా మధ్యాహ్నం మూడు గంటలకు.'