క్లాప్‌కు ముందు

యాదన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున ఫిల్మ్‌నగర్ గుడిలో కొత్త సినిమా ముహూర్తం జరిగింది. దేవుడి పటాల మీద తీసే తొలి షాట్‌కి ఎప్పుడూ క్లాప్‌బోర్డు పట్టే నీ బదులు ఇంకెవరో క్లాప్ కొట్టారు.

"తమ్మీ, క్లాప్ పడ్డదంటే కొట్టినోడు ఉండాలె గదా? లోకం గూడ గంతే" అనేవాడివి. క్లాప్ పడకముందే కెమెరా తిరుగుతుంటుంది కదా, మరి దేవుడికి ముందు ఏముందని నేను అడిగాను. "పోయినంక కనుక్కొని చెప్త తియ్" అని నవ్వావు. ఏడాదైనా కబురు లేదు.

క్లాప్‌కు ముందున్నదంతా కోసెయ్యడమే ఎడిటర్‌గా నా పని. నువ్వు కొట్టిన చివరి క్లాప్‌కు ముందు, కెమెరాకేసి చూస్తూ కాలర్ సర్దుకుంటున్నావు. ఆ ముక్క మాత్రం దాచుకున్నాను.