నాన్న వేసిన చీటీ

రాలీ,
14 జూలై, 1835.

కెజయా అక్కకు,

తమ్ముడు ఏసా నమస్కారాలు. క్వేకర్ మతస్థుడైన మాస్టారి ఇంట్లో నేను కులాసా. రోజూ మొక్కజొన్న రొట్టె, చేతినిండా పుస్తకాలు. న్యూబర్న్‌లో మీరిద్దరూ బాగున్నారనీ, నాన్న దగ్గు తగ్గిందనీ తలుస్తాను. ఎప్పటిలాగే ఈ ఉత్తరం నాన్నకు పైకి చదివి వినిపించు.

వార్త మీకు తెలిసిందే. రాజ్యాంగం దిద్దడానికి ఇక్కడ కూర్చున్న సభ ముగిసింది. ఇకమీదట ఈ రాష్ట్రంలో నల్లవాడు, బానిస కాకపోయినా సరే, ఓటు వేయకూడదట. మన ఊరు గెలిపించి పంపిన లాయరు పెండ్రీ కూడా దానికే సరేనన్నాడు. కిటికీ బయట నిలబడి నేనే విన్నాను. మే నెలలో మన రేవులో ఓట్లడుగుతూ 'స్వేచ్ఛ' అని పలికిన గొంతే అది! అప్పుడు ఆ మాటను ఎన్నాళ్లు నోట్లో చప్పరించానో నీకు తెలుసు.

పీపాల కొట్టు దగ్గర సైలస్ మామ నాన్నతో, "ఏం లోవిక్, ఇక నీ ఓటు చీటీతో చుట్ట ముట్టించుకో" అన్నాడని రాశావు. నాన్న సుత్తి పక్కనపెట్టి, "నవ్వు, బాగా నవ్వు. ఆ పెండ్రీకి మాత్రం నా చేత్తో వేయలేదు. టిస్‌డేల్‌కి వేశా. అది నా దగ్గర్నుంచి ఎవడు లాక్కుంటాడ్రా?" అన్నాడట. టర్పెంటైన్ పీపాలు చేసి చేసి, యజమానికి సొమ్ము కట్టి, బానిసత్వం నుంచి తనను తాను కొనుక్కున్న మనిషి. ఆ మాట ఆయనే అనాలి.

ఓటు రోజు గుర్తుందా? నాన్న చర్చికి పెట్టుకునే ఆదివారం టోపీ పెట్టుకున్నాడు. అక్షరాలు రావు కనుక చీటీ మీద పేరు నన్ను రాయమన్నాడు. "జీనుల కొట్టు టిస్‌డేల్ పేరు రాయరా. నత్తి మనిషే గానీ, మన ఓటు జోలికి రానని నా మొహం మీదే చెప్పాడు. అదే మాట పెండ్రీని అడిగితే నవ్వి ఏదో ఉపన్యాసం ఇచ్చాడు" అన్నాడు. నేను రాసి, మడిచి ఇచ్చాను. పెట్టెలో వేసి వచ్చి, నలుగురిలో నా భుజం మీద చెయ్యేసి, "మా ఇంట్లో రాసేవాడున్నాడయ్యా" అన్నాడు.

నేను తల ఎత్తలేదు. సిగ్గరి అనుకున్నారు అందరూ.

మీ
ఏసా

తా.క. అక్కా, ఇది కూడా పైకే చదువు. మధ్యలో ఆపకు.

నాన్నా, ఆ చీటీ మీద నేను రాసింది పెండ్రీ పేరు. అంత అందంగా మాట్లాడేవాడు మోసం చేయడనుకున్నాను. నీకేం తెలుసులే అనుకున్నాను. ఆ ఒక్క చీటీ లేకపోయినా అతను గెలిచేవాడే. అయినా నా సిగ్గు తగ్గడం లేదు. నువ్వు వేసిన ఆఖరి ఓటు నీది కాకుండా చేశాను.

మాస్టారు సెలవిచ్చారు. వచ్చే బండికి బయలుదేరి, ఇంటికి కాదు, నేరుగా కొట్టుకే వస్తాను. సైలస్ మామ ముందు నేనే చెబుతాను. నీ నోట ఒక్క అబద్ధం రాలేదు, నాన్నా. అది నా చేతిది.