గుమ్మం ఇటు

నాన్నా, నాకు జ్వరం తగ్గింది, బెంగ పెట్టుకోకు.

మానవ భూగోళశాస్త్రం చదివితే ఒరిగేదేమిటని అడిగావు. నిన్న మా మేడం రోడ్డు కోసం కూల్చేసిన వీధికి తీసుకెళ్లి, ఎవరిల్లు ఎక్కడుండేదో వాళ్లనే అడిగి పటం గీయమన్నారు. ఖాళీ నేలే కదా అని తన ఇల్లుండిన చోట కూర్చున్న ఒక ముసలి దర్జీ దగ్గరికి అడ్డంగా నడిచాను. "గోడలోంచి వస్తావేంటమ్మా, గుమ్మం ఇటు" అన్నాడు. వెనక్కి వెళ్లి, చెప్పులు విడిచి, గుమ్మంలోంచి వచ్చాను. అప్పుడు కూర్చోమన్నాడు.

ఇంటి కప్పు కారడం ఆగిందా? నా స్వెట్టర్ చెల్లిని వేసుకోమను.

అమ్మ పోయిన మన పాత ఇల్లూ రోడ్డులోనే కలిసిపోయింది కదా. రాత్రి దాని పటం గీయబోతే అమ్మ మంచం ఏ గోడవైపు ఉండేదో గుర్తు రాలేదు. నీకు గుర్తుంటే రాయి. చెల్లికి నా దీవెనలు. పటం పూర్తయితే దానికి చూపిద్దాం. దానికి ఆ ఇల్లూ తెలియదు, అమ్మా తెలియదు.

నీ పెద్దది