డబ్బా మనింట్లో, ఆట వాళ్లింట్లో

కస్టమర్ సేవల అధికారి గారికి,

ఊళ్లు కట్టే మీ కంప్యూటర్ ఆటను నా భార్య మూడేళ్ల క్రితం దుకాణంలో కొన్నది. డబ్బాలోని డిస్కు పెడితే ఆట రాలేదు. రెండు రోజులు డౌన్‌లోడ్, ఆపైన ఇంటర్నెట్‌లో ఖాతా, యాక్టివేషన్. "డబ్బా మనింట్లో, ఆట వాళ్లింట్లో. బాగుందండీ బేరం" అని నవ్విందే తప్ప వదిలిపెట్టలేదు.

ఆమె నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. ఆటలోనూ ప్రతి వీధికీ ముందు గొట్టాలు వేసి, తర్వాతే ఇళ్లు కట్టేది. అంత శ్రద్ధగా పనిచేసే మనిషిని నేను మరొకరిని చూడలేదు.

ఆమె మార్చిలో చనిపోయింది. పాత కంప్యూటర్ పాడైతే, నిన్న కొత్తదానిలో అదే డిస్కు పెట్టాను. ఆమె కట్టిన ఊరు అందులోనే ఉంటుందనుకున్నాను. డబ్బా మీదున్న కోడ్ కొడితే, ఇదివరకే వాడేశారని వచ్చింది. ఫోన్ చేస్తే మీ ఉద్యోగిని, "పాత ఖాతా తీసేసి మీ పేరున కొత్తది ఇస్తాం సార్, సోమవారానికల్లా అయిపోతుంది" అంది. సరేనన్నాను. ఊరు ఆ పాత ఖాతాలోనే ఉందని తర్వాత తెలిసింది.

దయచేసి దాన్ని తీసేయకండి. ఆమె పేరు మీదే ఉంచి, ఇక్కడ తెరుచుకునేలా చేయండి. మరణ ధ్రువపత్రం జతచేశాను.

ఆ ఊళ్లో ఏటి పక్కన మా ఇల్లు ఉంది. దానికొక్కదానికే నీళ్లు లేవు. అడిగితే, "మనది చివర్న చూద్దాం లెండి, ముందు ఊరందరికీ రానివ్వండి" అంది. అందరికీ వచ్చాయి. ఆ ఒక్క గొట్టం వేయడం నేను నేర్చుకుంటాను.

ఇట్లు,
ఖాతాదారు భర్త