నురగ మీద ఆరోపణలు

పక్కింటి పెద్దాయనకు,

మీరు దోపిడీదారు. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఇరవయ్యేళ్లుగా పత్రికలకు ఘాటైన వ్యాసాలు రాసి బతుకుతున్నదాన్ని. తెల్లారకముందే మీ వంటింట్లో రోలు మోగుతుంది, ఆపైన కవ్వం. ఒక ఆడమనిషి నిద్రను రోజూ రోట్లో వేసి దంచుతున్నారు. ఎందుకు? మసాలా టీ మీద నురగ కోసం! సిగ్గుగా లేదూ?

ఆగ్రహంతో,
గోడకు ఇవతలి మనిషి

తా.క. వాసన మాత్రం అమోఘం. నా కోపం సగం చల్లార్చేది అదే. అది మీ రెండో నేరం.

అమ్మా,

క్షమించు. నీ నిద్ర చెడగొడుతున్నానని తెలీదు. ఇవాళ రోలు కింద దుప్పటి మడత వేశాను. ఇకమీదట కవ్వం కూడా తలుపు మూసే తిరుగుతుంది.

ఇట్లు,
రిటైరైన బాయిలర్ పనివాడు

తా.క. దుప్పటికి ఇప్పుడు యాలకుల వాసన. హాయిగా ఉంది.

పెద్దాయనా,

సాక్ష్యం దాచేస్తే నేరం మాసిపోతుందా? నా నిద్ర ఏ గంగలో కలిస్తే ఏం! నేనంటున్నది మీ కోడలి నిద్ర గురించి. డ్రైవరు యూనిఫారం వేసుకుని, కళ్లు మూతలు పడుతుంటే, స్టవ్ పక్కన నిలబడి ఉంటుంది. మా కిటికీలోంచి రోజూ కనిపించేది ఆవిడొక్కతే. ఆవిడ మొదటి బస్సు తీయాలి. కునుకు పడితే యాభైమందికి ఎవరు పూచీ? ఆ టీ రేపే మానేయండి.

మరింత ఆగ్రహంతో,
ఇవతలి మనిషి

తా.క. నురగ అంత దట్టంగా ఎలా వస్తుంది? వ్యాసం కోసమే అడుగుతున్నా.

అమ్మా,

నా దంపుడికి కోడలుపిల్ల నిద్ర పాడవుతోందేమోనని నిజంగానే మానేశాను. ఆమె డిపో దగ్గర ఏదో చప్పటి టీ తాగి, నిన్న జనాన్ని రెండు స్టాపుల అవతల దింపింది. ఇంటికొచ్చి, "మామయ్యా, నామీద అలిగారా? నా టీ ఏది?" అని నిలదీసింది. నీ ఉత్తరం చూపించాను. నవ్వు ఆపుకోలేక కూలబడింది.

ఆమెకు టీ పెట్టడం రాదమ్మా. ఏడేళ్లుగా పెడుతున్నది నేనే. ముప్ఫయ్యేళ్లు ఆవిరితో బతికినవాణ్ణి, ఇంకేం చేతనవును? దంచిన అల్లం, దాల్చినచెక్క, లవంగం, యాలకులు, రెండు మిరియాలు నీళ్లలో పది నిమిషాలు మరిగిస్తాను. దించాక టీ పొడి వేసి మూత పెడతాను. పాలు విడిగా వెచ్చబెడతాను, పొంగనివ్వను. గిన్నె ఒంచి కవ్వం తిప్పితే నురగ దానంతటదే లేస్తుంది. పాలతోపాటు దాన్ని వడకట్టిన డికాక్షన్ మీద మెల్లగా జార్చాలి. అంతే.

ఇట్లు,
దోపిడీదారు

తా.క. మా కోడలు అడగమంది: మీ ఇంట్లో టీ ఎవరు పెడతారు?

పెద్దాయన గారికి,

మా ఆడబిడ్డ. పదహారేళ్లుగా. ఇంటిచాకిరీ మీద నేను రాసిన ప్రతి వ్యాసమూ ఆవిడ కప్పు పక్కన పెడితేనే కదిలింది. మీ ప్రశ్న చదివాక పేజీ ముందు కూర్చోలేకపోయాను. ఇవాళ నేనే పెట్టాను. పాలు పొంగి పొయ్యి ఆరింది. ఆవిడ ఒక గుక్క తాగి, "వదినా, నీ వ్యాసాలే నయం" అంది.

కోడలికి టీ పెట్టే మీలాంటి మగమనిషి గోడకు అవతలే ఉంటే, నేను ఊరంతా వెతుకుతున్నాను. నా డిమాండ్లు:

1. రేపటి నుంచి మీ కోడలికి టీ అందాలి.
2. కవ్వం పట్టుకోవడం నాకు నేర్పాలి.
3. నేర్పేటప్పుడు తిట్టాలి, జాలిపడకూడదు.
4. మా ఆడబిడ్డ కప్పు ఖాళీ చేసేదాకా నన్ను కొత్త వ్యాసం మొదలుపెట్టనివ్వకూడదు.

ఇట్లు,
గోడకు ఇవతలి దోపిడీదారు