అడ్డకడ్డీ లేని సైకిల్

నవంబర్ 3, సోమవారం
కంపెనీ బస్సు నెలాఖరు నుంచి మా ఊరు లక్డారం రాదు. గేటు దగ్గర నోటీసు అంటించారు. పొద్దున ఆరింటి షిఫ్టుకి ఆటో దొరకదు. ఆపరేషనైన ఈ ఎడమ మోకాలు బైకు బరువు ఆపలేదు, సైకిల్ తొక్కలేదు. డిసెంబర్ ఒకటిన టైముకి చేరకపోతే ఉద్యోగం పోయినట్టే.

నవంబర్ 5
ముత్తంగిలో సలీం భాయ్ సైకిళ్లకి మోటారు బిగిస్తాడని తెలిసి వెళ్లాను. "సైకిల్ నువ్వు తే అన్నా, మోటారు సంగతి నేను చూస్కుంట." దేవుడు ఈ మనిషిని అక్కడ నాకోసమే కూర్చోబెట్టినట్టుంది.

నవంబర్ 9, ఆదివారం
చర్చిలో కోత పండుగ. గుమ్మడికాయలు, కోళ్లు, వడ్ల సంచులు — వచ్చిన కానుకలన్నీ వేలం. మధ్యలో ఎవరో ఇచ్చిన గేర్ల సైకిల్. ఎర్రది, లావు టైర్లు, ముందు స్ప్రింగులు! చెయ్యెత్తాను. ఎవరో పైన పాడారు. మళ్లీ ఎత్తాను. అందరూ చూస్తుండగా దేవుడి వేలంలో వెనక్కి ఎలా తగ్గుతాం… పాట నాదే. పక్కనే ఉన్న నా భార్య రూతు మొహం వైపు చూడలేదు.

నవంబర్ 10
సలీం భాయ్ నవ్వలేదు, అదే పదివేలు. "గిది చూడనీకే మంచిగుందన్నా. ముందు ఫోర్కు అల్యూమినియంది, స్ప్రింగులది. చక్రంల మోటారు గుంజితే చీలుతది. ఇనుప ఫోర్కుండాలె. ఇగ నీ కాలు గీ అడ్డకడ్డీ దాటుతదా?" లేపి చూశాను. దాటలేదు. కొనేముందు ఒక్కసారి ఎక్కి చూడాలన్న బుద్ధి పుట్టలేదు నాకు. కానుక కింద పాడింది, వాపసు అడగలేను.

నవంబర్ 12
రూతు ఒక్కటే మాట — "కోడిని పాడినా కూరొండుకునేటోళ్లం."

నవంబర్ 15
పాత సైకిళ్ల దుకాణాలన్నీ తిరిగాను. ఇనుప ఫోర్కు ఉన్నదానికి తుప్పు. తుప్పు లేనిదానికి అడ్డకడ్డీ. ఇంటికొచ్చి మోకాలికి కాపడం.

నవంబర్ 17
నా తిప్పలు చర్చిలో విన్నారట, సులోచన టీచర్ ఇంటికి పిలిపించారు. నాకు నాలుగో తరగతి చెప్పిన టీచర్, రిటైరై చాలా ఏళ్లయింది. వాకిట్లో నల్ల లేడీస్ సైకిల్. ఇనుప ఫోర్కు, బ్రేకులు గట్టివి. అడ్డకడ్డీ లేదు, కాలు అలా లోపలికి పెట్టి కూర్చున్నాను. నొప్పి లేదు!
"తీస్కపో ప్రకాశం. నేనింక ఏడ తొక్కుత?"
ఎర్ర సైకిల్ ఇస్తానంటే — "గా స్ప్రింగులు నాకెందుకురా."
ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

నవంబర్ 22
సలీం భాయ్ బిగించాడు. ముందు చక్రంలో మోటారు, వెనక క్యారేజీ మీద బ్యాటరీ. కంపెనీ గేటు దాకా వెళ్లి వచ్చాను. షిఫ్టు వాళ్లు "ఏంది ప్రకాశన్నా, లేడీస్ సైకిలా" అని ఒకటే ఆటపట్టించడం. పట్టించనీ. మోకాలు హాయిగా ఉంది. టీచర్‌కి, సలీం భాయ్‌కి, దేవుడికి… వందనాలు ఎన్నిసార్లు చెప్పుకున్నా తక్కువే.

నవంబర్ 30, ఆదివారం
ఆరాధన సగం అయ్యాక వచ్చారు సులోచన టీచర్, నడిచి, చెమటలు కక్కుతూ. బయటికొచ్చాక రూతు, టీచర్ వాళ్ల పక్కింటామెతో మాట్లాడి వచ్చి చెప్పింది. "టీచర్ చెల్లె ముత్తంగిల మంచాన పడ్డదంట. రోజు మధ్యాహ్నం గా సైకిల్ మీదనే పోయి అన్నం తినిపిచ్చొచ్చేది. ఇప్పుడు ఆటో దొరక్కుంటే నడకేనంట. నువు డ్యూటీల ఉంటవు, నీకెట్ల తెలుస్తది."
సాయంత్రం సైకిల్ తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. తీసుకోండి టీచర్, అన్నాను.
"రేపు డ్యూటీ ఎన్నింటికి?"
ఆరింటికి.
"మరి ఇంటికి పోయి పండుకో. పో."
నాలుగో తరగతిలో గద్దించినట్టే గద్దించారు. వచ్చేశాను. ఇంత సంతోషం, ఇంత సిగ్గు ఒకే రోజు ఎన్నడూ లేవు.
రెండింటికి నా షిఫ్టు అయిపోతుంది. నేరుగా టీచర్ ఇంటికి వెళ్లి సైకిల్ ఇస్తే మూడింటికల్లా ముత్తంగిలో ఉంటారు. ఆ చెల్లెలు అన్నానికి మూడింటి దాకా ఆగగలదా… టీచర్ ఒప్పుకుంటారా. ఒక్క చార్జింగు ఇద్దరికీ వస్తుందో లేదో సలీం భాయ్‌ని అడగాలి.